హేమ్లి క్యాసెట్ రెండో వైపు

హేమ్లి దాదిని క్యాసెట్ అట్ట మీద చూసినవాళ్లు ఎదురుగా చూస్తే గుర్తుపట్టేవాళ్లు కాదు. అట్ట మీద ఆమె రాణిలా ఉంటుంది. చెవుల పక్కన వెండి గుత్తులు, చేతి నిండా తెల్ల గాజులు, తల మీద అద్దాల ముసుగు. ఫొటో తీసినాయన నోరు మూసుకోమన్నాడు కాబట్టి ముందు పళ్లు రెండు లేవన్న సంగతి బయటపడలేదు. అసలు మనిషి మాత్రం కందికట్టెలా ఉండేది. ఎడమ బుగ్గలో ఎప్పుడూ పొగాకు. అశ్వారావుపేట చుట్టుపక్కల పామాయిల్ తోటల్లో రాలిన పండ్లు ఏరడానికి కూలికి పోయేది. తోటలో ఎవరైనా "దాదీ, ఒక్క పాట" అన్నారంటే కసిరేది.

"నా గొంతు మీ అయ్య కొన్న రేడియో అనుకున్నవారా, చెవి తిప్పంగనే మోగనీకి?"

ఆ మాట అన్నాక మూడో నిమిషానికి తనే మొదలుపెట్టేది. అడగకపోతే ఇంకా పెద్ద గొంతుతో మొదలుపెట్టేది.

మొదటి క్యాసెట్ తొంభైతొమ్మిదిలో వచ్చింది. ఖమ్మంలో నాగరాజు అనే ఆయన గోడలకు కోడిగుడ్ల అట్టలు కొట్టిన చిన్న గదిలో పాటలు రికార్డు చేసి క్యాసెట్లు అమ్మేవాడు. దాది చేత తీజ్ పండుగ పాటలు, పెళ్లి పాటలు, వియ్యంకులను ఎగతాళి చేసే పాటలు పాడించాడు. ఆ ఏడాది దమ్మపేట నుంచి అడవి అంచు దాకా ఏ లంబాడా తండాలో పెళ్లి జరిగినా, ఏ ట్రాక్టర్ రోడ్డెక్కినా దాది గొంతే. పడుచు పిల్లలు వచ్చి ఆమె గొంతు మీద చెయ్యి పెట్టి చూసిపోయేవాళ్లు. దాది నడక మారింది. బోరింగ్ కాడికి నీళ్లకు పోవడం కూడా ఊరేగింపులాగానే పోయేది. భర్త హాతీరాంకు ఒక చెవి వినపడదు. "మొగుడు గూడ సగమే విన్నడు నా పాట" అని ఆమె ఫిర్యాదు.

రెండువేల రెండులో నాగరాజు రెండో క్యాసెట్ అడిగాడు. అవే పాటలు, కొత్త డప్పు, అన్నాడు. దాది ఒప్పుకోలేదు. ఆడదాని బతుకంతా ఒక్క క్యాసెట్‌లో పాడతానంది. మొదటి వైపు పుట్టుక, తీజ్, పెళ్లి సరదాలు. రెండో వైపు ఢావ్లో, అంటే పెళ్లికూతురు పుట్టింటిని వదిలిపోతూ తల్లి మెడ పట్టుకుని పాడే ఏడుపు పాట. ఆ తర్వాత కాన్పులు, కరువు. అన్నిటికన్నా చివర చావు ఏడుపు.

నాగరాజు నెత్తి గోక్కున్నాడు. "అమ్మా, రెండో వైపు గూడ డాన్స్ పాటలే ఏద్దాం. ఏడుపు ఎవరు కొంటరు?"

"కొనకుంటే మానె. సగం బతుకు పాడి లేసిపోనా?"

"ఏడిసేది ఇంట్ల ఏడ్వొచ్చు గదమ్మా."

"ఇంట్ల ఏడ్సింది ఇంట్లనే పోయింది నాయనా. అందుకే ఇంత దూరమొచ్చిన."

ఆ చావు ఏడుపు రూప్లిది. రూప్లి దాది కూతురు. తొమ్మిదేళ్లప్పుడు జ్వరం తలకెక్కితే మంచం మీద దవాఖానాకు మోసుకుపోతుండగా, వాగు ఇవతలే ప్రాణం పోయింది. చావు ఏడుపులో పోయిన మనిషి పేరు చెప్పాలి. వాళ్ల వస్తువులు, వాళ్ల భయాలు, వాళ్లకు ఇష్టమైన తిండి, ఒక్కొక్కటీ తలచుకోవాలి. రూప్లి ఎర్ర రిబ్బన్ కట్టుకునేది, మేకపోతంటే భయపడేది, పెసరగుగ్గిళ్లు జేబులో పెట్టుకుని నిద్రపోయేది. ఇవన్నీ దాది ఆ గుడ్ల అట్టల గదిలో పాడింది. తండాలో పెద్దవాళ్లది ఒక పట్టింపు ఉంది. పీనుగ లేని చోట ఆ ఏడుపు ఏడవకూడదు, ఏడిస్తే అది పీనుగను వెతుక్కుంటుంది. దాదికి ఈ సంగతి తెలియక కాదు. తెలిసే పాడింది.

క్యాసెట్ వచ్చింది. జనం మొదటి వైపు విని, వెనక్కి తిప్పి, మళ్లీ మొదటి వైపే విన్నారు. దాది కనపడినవాళ్లనల్లా ఆపి అడిగేది.

"రెండో దిక్కు విన్నరా?"

"విన్నం దాదీ, మస్తున్నది."

"రిబ్బన్ ఏ రంగుది?"

వాళ్లు నేల చూపులు చూసేవాళ్లు. దాది వాళ్ల ముఖం ముందే పొగాకు ఉమ్మి వెళ్లిపోయేది.

మరుసటి ఎండాకాలం ద్వాలి కూతురు సరళ పెళ్లి. ద్వాలి, హేమ్లి చిన్నప్పటి జోడీ. ఇద్దరూ ఒకే ముసలామె దగ్గర పాటలు నేర్చుకున్నారు. లంబాడా ఆడవాళ్ల ఏడుపు ఒంటరిగా ఏడ్చేది కాదు, ఇంకొకరి మెడ చుట్టూ చెయ్యి వేసి, ఒకరు ఆపినచోట ఇంకొకరు అందుకోవాలి. ఎవరింట్లో ఏం జరిగినా ఈ ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకునేవాళ్లు. రూప్లి పోయిన రోజు హేమ్లి మెడ పట్టుకున్నది ద్వాలే.

మైక్‌సెట్ సీతయ్య ఆ పెళ్లికి కొత్త టేపు తెచ్చాడు. ఒక వైపు అయిపోతే దానంతట అదే రెండో వైపు తిరుగుతుంది. ఆ గొప్ప అందరికీ చెప్పి, దాది క్యాసెట్ పెట్టి, అన్నం తినడానికి పోయాడు. పందిట్లో సరళకు పసుపు పూస్తున్నారు. మొదటి వైపు అయిపోయింది. టక్కుమంది. ఢావ్లో మొదలైంది. పెళ్లిలో ఢావ్లో తప్పేం కాదు, ఆడవాళ్లు ముసుగులతో కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత కాన్పుల పాట, కరువు పాట నడిచాయి. ఆఖరికి చెట్టుకు కట్టిన మైకు గొట్టంలోంచి రూప్లీ రూప్లీ అని చావు ఏడుపు తండా అంతా మోగింది. ఎవరో ముసలాయన అరిచాడు. సీతయ్య అన్నం చేతితోనే ఉరికి వచ్చి ఆపాడు.

వానలు పడ్డాక సరళకు జ్వరమొచ్చింది. భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారు. మూడో రోజు పీనుగనే తెచ్చారు.

అప్పటి నుంచి ఆ క్యాసెట్ తండాలను రెండు చేసింది. సగం మంది దాన్ని ట్రాక్టర్ టైర్ కింద పెట్టి తొక్కించారు. ఊడిన గోధుమరంగు టేపు కంచెల మీద చాలా రోజులు ఎగిరింది. మిగతా సగం మంది దాన్ని దాచుకున్నారు. ఎందుకంటే పాత ఏడుపు తెలిసిన ఆడవాళ్లు తగ్గిపోయారు. ఎవరైనా చస్తే రెండో వైపు పెట్టి చుట్టూ కూర్చునేవాళ్లు. గుబురు మీసాల తాతలు కూడా ఎర్ర రిబ్బన్ పిల్లగానే పాడె ఎక్కారు. మేకపోతులను కోసి బతికిన మనిషి పీనుగ పక్కన 'మేకపోతుకు భయపడే నా తల్లీ' అని మోగుతుంటే నవ్వు ఆపుకోలేక బయటికి పోయినవాళ్లూ ఉన్నారు.

పామాయిల్ ఫ్యాక్టరీ గేటు దగ్గర గెలల ట్రాక్టర్లు వరసలో ఆగినప్పుడు డ్రైవర్లు దీని మీదే కొట్లాడుకునేవాళ్లు.

"అది పాటారా? మనుషులను తినే పాట."

"నీకు చెవులున్నయా? అసొంటిది మల్ల ఎవ్వరన్న పాడిన్రా?"

"నీ చెల్లె పెండ్లిల పెట్టుపో మరి!"

దాదిని పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. అది ఆమె ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ద్వాలి మౌనం. బోరింగ్ దగ్గర దాది కనపడితే ద్వాలి సగం నిండిన బిందె ఎత్తుకుని వెళ్లిపోయేది. సరళ పోయిన రోజు కూడా దాదిని వాకిలి దాటనివ్వలేదు. ఎవరు అడిగినా దాది ఒకే జవాబు చెప్పేది. "మిషన్ తిరిగింది. నేను తిప్పిన్నా? సీతయ్యనడుగున్రి." సీతయ్య మిషన్ మీద పెట్టేవాడు. మిషన్ ఎవరి మీద పెడుతుంది?

ఆరేళ్లు గడిచాయి. రెండువేల తొమ్మిది చలికాలంలో ద్వాలి భర్త హరిలాల్ పోయాడు. కబురు తెలియగానే దాది బుగ్గలో పొగాకు ఉమ్మేసి, నోరు కడుక్కుని బయలుదేరింది. ఆమెకు కావలసింది ఒక్కటే. ద్వాలి తన మెడ మీద చెయ్యి వెయ్యనివ్వాలి. ఈసారి కాకపోతే ఇంకెప్పుడూ కాదు. ఇద్దరికీ వయసైపోయింది.

వాకిట్లో ద్వాలి కొడుకు బలరాం సెల్‌ఫోన్ పట్టుకుని తల్లిని బతిమాలుతున్నాడు. క్యాసెట్లు పోయి చిప్పులు వచ్చాయి, ఆ రెండో వైపు చిప్పులోకీ చేరింది.

"యాడీ, ఏడ్సెటోళ్లు ఎవరున్నరు? బాపును ఉత్తగ పంపుతమా? కొంచెం సేపు పెడత."

"అది నా ఇంట్ల మోగితే నేను లేసి అడివిలకు పోత" అంది ద్వాలి.

దాది లోపలికి వచ్చింది. ఆడవాళ్లు ఆమె కొంగు తగలకుండా పక్కకు జరిగారు. ఆమె ద్వాలి ముందు కూర్చుంది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పనిది చెప్పింది.

"ద్వాలీ, మిషన్ తిరిగిన మాట నిజమే. నేను దాని పక్కన్నే కూసున్న. చెయ్యి చాపితే ఆగేది. రూప్లి ఏడుపు ఎప్పుడొస్తదో నాకు ఎరికె గద, నేను పాడిన పాటే గద. లేవలే. ఎవ్వరు వినని పాట తండంత వింటున్నదని కూసున్న. ఈ ఒక్క మాట అయిపోనీ, ఆ ఒక్క మాట అయిపోనీ అనుకుంట కూసున్న."

"నాకు ఎరికె" అంది ద్వాలి.

"ఎరికెనా?"

"కండ్లు మూసుకొని తల ఊపుతున్నవ్. చూసిన."

"చూసి గూడ ఆపలేదేందే?"

ద్వాలి భర్త ముఖం మీది ఈగను తోలింది.

"నేను గూడ విన్న. బిడ్డ బుగ్గ మీద పసుపు చెయ్యి పెట్టి అట్లనే ఆగిన. అది నా ముందటనే ఉన్నది, నాకు దాని యాదే లేదు. ఎంత బాగ పాడిందిరా అనుకున్న. సీతయ్య ఆపితే కోపమొచ్చింది నాకు. పాట ఆపిండని కోపం. గది ఎవరికి చెప్పుకోవాలె?"

దాది చెయ్యి చాపింది. ద్వాలి వెనక్కి జరిగింది.

"వద్దు హేమ్లీ."

"ఆరేండ్లాయె."

"నువ్వు ఏడిస్తే నేను ఏడ్వ. వింట. ఈయన కోసమన్న నన్ను ఏడ్వనియ్యి."

దాది ఆ చాపిన చేతిని కాసేపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూసుకుంది. తర్వాత లేచింది. శవానికి స్నానం చేయించడానికి నీళ్లు కావాలన్నారు. మూలనున్న బిందె తీసుకుని బోరింగ్ దగ్గరికి పోయింది. ఆమె బిందె ముట్టుకుంటే ఎవరూ వద్దనలేదు.

రెండో బిందె తెస్తుండగా ద్వాలి ఏడుపు మొదలైంది. మెడ పట్టుకునేవాళ్లు లేక గుంజను పట్టుకుంది. హరిలాల్ బీడీలు, హరిలాల్ సైకిల్, వానకు ఊచ వంగిన గొడుగు. రాగం నిలవడం లేదు. అందుకునేవాళ్లు లేక, ఊపిరి తీసుకున్నప్పుడల్లా పాట తెగిపోతోంది. ఒక చోట పూర్తిగా ఆగిపోయింది. వాకిట్లో అందరూ ఎదురుచూశారు. ఆ తర్వాత రావలసిన మాట దాది నాలుక మీద ఉంది.

ఆమె పెదవులు బిగించి, బిందె దించి, నీళ్లు గంగాళంలో పోసింది. ద్వాలి మళ్లీ మొదటి నుంచి, తప్పుగా, ఎత్తుకుంది.