తెర అవతల నిలబడిన అన్న

ఎలాదియో మాల్దొనాదో మా వార్డులో ఆర్డర్లీ. డెబ్బై ఏడులో నేను జెర్సీ సిటీలో నర్సుగా చేరేటప్పటికి అతనికి ముప్ఫై నిండలేదు. రోగుల్ని స్ట్రెచర్ మీద ఎక్స్‌రేకి తీసుకెళ్లడం, పక్కలు మార్చడం, ఎవరైనా పోతే శవాన్ని కింద మార్చురీకి దించడం అతని పని. పుట్టింది అమెరికా పాలనలో ఉన్న ప్వెర్టోరికో దీవిలో. అతనికి పదహారేళ్లప్పుడు తల్లి కసిల్దా అతన్నీ, చెల్లెలు మిగ్దాలియానీ వెంటబెట్టుకుని వచ్చి ఇక్కడ కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. కాగితాల మీద ముగ్గురూ అమెరికా పౌరులే. వీధిలో మాత్రం వాళ్లని ఎవరూ అలా చూసేవారు కాదు.

నేను బాపట్ల నుంచి వచ్చినదాన్ని. నా ఇంగ్లీషు విని డాక్టర్లు మొహం చిట్లించేవాళ్లు. అతని ఇంగ్లీషుకూ అదే గతి. అందుకే కాబోలు మా ఇద్దరికీ మాట కలిసింది.

డెబ్బై ఎనిమిది చలికాలంలో మా వార్డులో ఒక ఈజిప్టు ముసలాయన పోయాడు. వచ్చింది ఒక్క కొడుకే. తండ్రికి స్నానం చేయించాలి, ఒక్కడి వల్ల కావడం లేదు, కాస్త పట్టుకోమని ఎలాదియోని అడిగాడు. ఇద్దరూ కింద గంటసేపు ఉన్నారు. ఎలాదియో పైకొచ్చి నా బల్ల పక్కన కూర్చున్నాడు.

"మిస్ విమలా, నేను ఎన్ని శవాలు దించానో నాకే లెక్క తెలీదు," అన్నాడు. "ట్యాగ్ కట్టి, షీట్ చుట్టి, డ్రాయర్‌లోకి తోసెయ్యడమే. ఆ అబ్బాయి నీళ్లు మరీ వేడిగా ఉన్నాయేమోనని చెయ్యి పెట్టి చూశాడు. చచ్చిపోయినాయన కోసం."

నాలుగు నెలల తర్వాత, ఒక కార్పెట్ల దుకాణం మీద అద్దెకు తీసుకున్న గదిలో నడిచే మసీదుకి వెళ్లి అతను ఇస్లాంలో కలిశాడు. ఇద్రీస్ అని పేరు పెట్టుకున్నాడు. తాగుడు మానేశాడు. ఆసుపత్రి కార్డు మీద ఎలాదియో అనే ఉండిపోయింది, నా నోటికి కూడా ఆ పేరే వచ్చేది.

డెబ్బై తొమ్మిది క్రిస్మస్ ముందురోజు రాత్రి తల్లి పందిమాంసం వేయించి అతని ముందు పెట్టింది. అతను ముట్టలేదు. ఆమె ప్లేటు తీసుకెళ్లి చెత్తబుట్టలో దులిపేసింది. "నేను బాప్తిస్మం ఇప్పించింది ఎలాదియోకి. ఈ ఇద్రీస్ ఎవరో నాకు తెలీదు," అంది. మర్నాటి నుంచి తల్లీ కొడుకుల మధ్య మాటల్లేవు.

టెహరాన్‌లో అమెరికా వాళ్లని బందీలుగా పట్టుకున్న రోజులవి. అతని తల మీద టోపీ చూసి బస్టాపులో కుర్రాళ్లు సీసా విసిరారు. కనుబొమ చీరుకుపోయింది. నేను డ్రెస్సింగ్ చేస్తుంటే, "ఇరాన్‌కి పొమ్మన్నారు. మ్యాప్‌లో అదెక్కడుందో కూడా నాకు తెలీదు," అన్నాడు.

మసీదులోనూ అతనిది ఓ మూల చోటే. ప్రసంగాలు అరబ్బీలో, లేదంటే ఉర్దూలో. ఇంగ్లీషులో ఓ పది నిమిషాలు ఉంటే గొప్ప. ఏడెనిమిదేళ్లయినా అక్కడ అందరికీ అతను 'స్పానిష్ బ్రదర్' మాత్రమే. శుక్రవారాల్లో అందరికన్నా ముందు వెళ్లి తివాచీలు ఊడ్చేవాడు. ఇంటికి భోజనానికి రమ్మని పిలిచినవాళ్లు లేరు.

అతన్ని చూసి మతం మారింది ఒక్క మిగ్దాలియా. అన్న తాగుడు మానినట్టే తన మొగుడూ మత్తు సూదులు మానతాడేమోనని ఆ పిల్ల ఆశ. మొగుడు మానలేదు. ఎనభై ఒకటిలో కూతురు పుట్టిన కొద్ది నెలలకే ఇల్లొదిలి పోయాడు. కూతురికి అనీసా అని పేరు పెట్టింది. వాళ్ల అమ్మమ్మ మాత్రం ఆ పిల్లని ఆనా అని పిలిచేది.

ఎనభై ఆరు వేసవిలో మిగ్దాలియా మా వార్డుకే వచ్చింది. ఎయిడ్స్. మొగుడు అంటించి పోయినది. ఆ గది తలుపు దగ్గర భోజనం ట్రేలు నేల మీద పెట్టి వెళ్లిపోయేవాళ్లు. ఎలాదియోనే అవి లోపలికి తీసుకెళ్లి తినిపించేవాడు.

మా ఆయన దేవకుమార్‌కి సంగతి తెలిసి, "నువ్వు ఆ రూమ్‌లోకెళ్లొచ్చి ఇంట్లో పిల్లల్ని ముట్టుకుంటావా? వార్డ్ ఛేంజ్ చేయించుకో," అన్నాడు.

"అడిగానండీ. ఇవ్వలేదు," అన్నాను. నేను అడగలేదు. అలాగని ధైర్యవంతురాలినేమీ కాదు. రెండు జతల గ్లౌవ్స్ తొడుక్కునే ఆ పిల్ల ఒళ్లు తుడిచేదాన్ని.

ఒక మధ్యాహ్నం నా ఎదుటే మిగ్దాలియా అన్న చెయ్యి పట్టుకుంది. "అనీసాని అమ్మకి ఇవ్వకు. నమాజు నువ్వే నేర్పించు," అంది. మర్నాడు ఆ మాటే ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టింది. అతను సరేనని మాటిచ్చాడు.

అక్టోబరులో, ఒక మంగళవారం పొద్దున ఆమె పోయింది.

శవాన్ని సిద్ధం చేసి పూడ్పించే సంస్థలు మూడింటికి ఎలాదియో ఫోన్ చేశాడు. జబ్బు పేరు వినగానే మూడూ కాదన్నాయి. మసీదు నుంచి ఇమాము వచ్చాడు. చెడ్డవాడు కాదు, కానీ గుమ్మం దాటి లోపలికి రాలేదు. "స్నానం చేయించమని నలుగురు ఆడవాళ్లని అడిగాను బ్రదర్. అందరికీ భయంగా ఉంది. ఆడమనిషికి ఆడవాళ్లే చేయించాలి, అన్నవైనా నువ్వు చేయించకూడదు. ఎవరూ లేనప్పుడు శుభ్రమైన మట్టితో మొహం, చేతులు తుడిస్తే చాలు. అందుకు అనుమతి ఉంది," అన్నాడు.

"ఆసుపత్రిలో నీళ్లున్నాయి కదా," అన్నాడు ఎలాదియో. ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ అన్నాడు.

అప్పుడే కసిల్దా వచ్చింది. కూతుర్ని తన చర్చికి తీసుకెళ్లాలని నల్లకోటు వేసుకుని, జపమాల పట్టుకుని వచ్చింది. ఏడేళ్లుగా పలకరించని కొడుకుని స్పానిష్‌లో ఏదో అడిగింది. అతను తల వంచుకుని జవాబు చెప్పాడు. ఆమె కోటు విప్పి నా చేతికిచ్చింది. తర్వాత ఆమె అడిగినదాన్ని ఎలాదియో నాకు ఇంగ్లీషులో చెప్పాడు: "నీళ్లెక్కడున్నాయని అడుగుతోంది."

మార్చురీ పక్క గదిలో అడ్డంగా ఒక దుప్పటి కట్టాను. కసిల్దా, నేను లోపల. ఎలాదియో అవతల, మాకు వీపు తిప్పి నిలబడ్డాడు. గ్లౌవ్స్ ఇస్తే ఆమె వద్దని తల ఊపింది. నేను తొడుక్కున్నాను.

అతను ఒక్కొక్కటే స్పానిష్‌లో చెబుతున్నాడు. నాకోసం మళ్లీ ఇంగ్లీషులో. "కుడివైపు ముందు, అమ్మా. కుడి చెయ్యి. ఇప్పుడు ఎడమ." ఆమె చెప్పింది చెప్పినట్టు చేసింది. మిగ్దాలియా ముప్ఫై అయిదు కిలోలు కూడా లేదు. పక్కకి ఒత్తిగిల్లించడానికి నా ఒక్క చెయ్యి చాలింది.

"జుట్టు కడిగి మూడు జడలు అల్లాలి," అన్నాడతను.

కసిల్దా కూతురి తల మీద అరచెయ్యి పెట్టింది. "జుట్టు లేదు," అంది.

"అయితే నీళ్లు పొయ్యమ్మా, చాలు," అన్నాడు అవతల్నుంచి.

మూడుసార్లు పోయాలన్నాడు. మూడూ అయ్యాక ఆమె ఇంకా పోస్తూనే ఉంది. ఆ చప్పుడు అతనికి వినబడే ఉంటుంది. ఆపమనలేదు.

పూడ్చేచోటికి అయిదుగురు మగవాళ్లు వచ్చారు. కసిల్దా రాలేదు. అదే సమయానికి తన చర్చిలో కూతురి పేర పూజ చేయించుకుంది. నాలుగు రోజులు ఉంచుకుంటానని మనవరాల్ని తీసుకెళ్లింది, తిరిగి పంపలేదు. రెండు నెలలకు ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేసింది. తల్లి సంతకంతో కాగితం ఉంది కాబట్టి గెలవొచ్చని ఉచితంగా కేసు చూసే లాయరు చెప్పాడు. విచారణ రోజున ఎలాదియో ఆ కాగితం బయటికి తీయలేదు. పిల్లని అమ్మమ్మకి ఇచ్చారు.

ఎందుకలా చేశావని లిఫ్టు దగ్గర అడిగాను.

"ఆ రోజు మా అమ్మ చేతులకి గ్లౌవ్స్ లేవు, మిస్ విమలా. ఆ చేతుల్లోంచి పిల్లని లాక్కోవడం నావల్ల కాలేదు."

"మరి మిగ్దాలియాకి ఇచ్చిన మాట?"

"తప్పాను," అన్నాడు. "పైలోకంలో మిగ్దాలియా ఎదుట నిలబడినప్పుడు జవాబు చెప్పుకోవాలి. ఏం చెప్పాలో ఇంకా తెలీదు."

ఎనభై ఏడులో కసిల్దా ఫ్యాక్టరీ పని మానేసి, పిల్లని తీసుకుని దీవికి వెళ్లిపోయింది. తల్లి జబ్బు పిల్లకీ సోకిందేమోనని, అనీసాకి రక్తపరీక్ష చేయించమని నేను రెండుసార్లు కబురు చేశాను. పరీక్ష చేస్తే స్కూల్లో తెలిసిపోతుందని ఆమె ఒప్పుకోలేదు.

ఆ జబ్బుతో పోయిన మగవాళ్లకి స్నానం చేయించాల్సి వస్తే మసీదు వాళ్లు ఎలాదియోకే ఫోన్ చేసేవాళ్లు. నేను ఎరిగి పదకొండు మంది. పని ముగించుకుని ప్రార్థనకి వెళితే అతని పక్క చోటు ఒకటి రెండు అడుగులు ఖాళీగా ఉండేదట. అదీ ఫిర్యాదుగా చెప్పలేదు, నేను అడిగితే చెప్పాడు.

ఎనభై తొమ్మిది మే నెలలో డ్యూటీలో ఉండగా నన్ను పక్కకి పిలిచి ఒక ఫోటో చూపించాడు. తల్లి పంపింది. అనీసాకి ఎనిమిదేళ్లు. తెల్లగౌను వేసుకుని, తల మీద తెల్లటి ముసుగుతో చర్చి మెట్ల మీద నిలబడి ఉంది. మొదటిసారి ప్రభువు భోజనం తీసుకున్న రోజున తీసినది. వెనకాల ఆనా అని రాసి ఉంది. ఆ మతంలోకి వెళ్లిపోయిందని బాధపడుతున్నాడేమో, ఏమని ఓదార్చాలా అనుకున్నాను.

"మీరు నర్సు కదా, సరిగ్గా చూసి చెప్పండి," అన్నాడు. "సన్నగా కనిపిస్తోందా? మిగ్దాలియాకి మొదట్లో మెడ దగ్గర వాచింది. ఇక్కడేమైనా ఉందా?"

కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. మెడ మీద ముసుగు నీడ పడి ఉంది. ఏమీ తెలియలేదు.

"బుగ్గలు నిండుగానే ఉన్నాయి. బాగానే ఉంది," అన్నాను.

అతను నా మొహంలోకి కాసేపు చూశాడు. ఫోటో జేబులో పెట్టుకుని, ఎక్స్‌రేకి వెళ్లాల్సిన రోగి దగ్గరికి స్ట్రెచర్ తోసుకుంటూ వెళ్లాడు.