రెండో మనిషి చార్జీ

హోటల్లో దిగిన బాబాయి బిల్లు దగ్గర పోట్లాడకుండా బయటపడ్డ దాఖలా లేదు. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి, చిల్లర లెక్క ఊరికే వదులుతాడా? ప్రయాణమంటే చాలు, గది అద్దెలో సగమంత డబ్బు "చెప్పని ఖర్చులు" అని ఒక కవరులో వేరే పెట్టేవాడు. అందులోంచి పైసా తియ్యాలన్నా ప్రాణం పోయినట్టుండేది. చుట్టాలందరికీ ఆయన కొట్టెయ్ బాబాయి.

పిన్నికి వైద్యం కోసం పెద్దాసుపత్రి ఎదురుగా హోటల్లో దిగినప్పుడు, తోడు వెళ్ళి వేరే గదిలో ఉన్న అన్నకూతురికి తల కొట్టేసినట్టయింది. అక్కడ ఏ రోజు బిల్లు ఆ రోజు పొద్దున్నే ఇస్తారు.

"పార్కింగు ఏంటయ్యా? మేం బస్సులో వచ్చాం."

"అందరికీ పడుతుందండీ," అన్నాడు గుమస్తా.

"బస్సు తెచ్చి నీ గేట్లో పెట్టానా? కొట్టెయ్. తలగడకి అద్దేంటి? కొట్టెయ్."

"బాబాయ్, జనం చూస్తున్నారు."

"చూడనీ. వాళ్ళకీ వేసుంటాడు."

గీతలు పడ్డ ఆ కాగితం తీసుకెళ్ళి పిన్నికి చూపించేవాడు. ఖర్చు అనుకున్నది దాటిన రోజున వైద్యం మానేసి ఇంటికెళ్ళిపోతానని పిన్ని ముందే ఒట్టు పెట్టించుకుంది. కళ్ళజోడు పెట్టుకుని గీతలన్నీ చూసి, "వాణ్ణి ఏడిపించావన్నమాట," అని నవ్వేది. నవ్విన రోజు సూదికి చెయ్యి చాపేది.

పదహారో రోజు పిన్నిని ఐసీయూలోకి మార్చారు. బాబాయి ఆ తలుపు దగ్గరే కూర్చుండిపోయాడు. బిల్లు అడగలేదు. తొమ్మిది రోజులకు పిన్ని పోయింది.

గది ఖాళీ చేసేటప్పుడు, బాబాయి పైన సంచులు సర్దుతుండగా గుమస్తా అన్నకూతురితో మెల్లగా అన్నాడు. "సార్ రోజూ పేచీపెట్టి గీతలు కొట్టించుకునేవారు కదండీ. అమ్మగారికి చూపించాక మళ్ళీ వచ్చి మొత్తం కట్టేసేవారు. ఆవిడకి తెలియకూడదని నా దగ్గర మాట తీసుకున్నారు. ఏదో కవరు తెచ్చేవారు, అది ఎప్పుడో ఖాళీ అయింది."

ఆమెకు ఇన్నాళ్ళూ ఈయన్ని చూసి సిగ్గుపడ్డందుకు ఇప్పుడు తన మీద తనకే సిగ్గేసింది.

బాబాయి దిగి వచ్చి బిల్లు అందుకున్నాడు. వేలుపెట్టి కింది దాకా చదివాడు.

"రెండో మనిషి చార్జీ ఏదీ? ఈ తొమ్మిది రోజులకీ వెయ్యలేదే?"

"అమ్మగారు గదిలో లేరు కదండీ. నేనే తీసేశాను."

"నిన్నెవడు తియ్యమన్నాడు? వస్తుందని రోజూ ఆవిడ పక్క వేయించే ఉంచాను. వెయ్యి."

"వద్దండీ, సార్."

"వెయ్యమంటుంటే!" బాబాయి బల్ల గుద్దాడు. పక్కనున్న నలుగురూ తిరిగి చూశారు.

బిల్లు పెంచమని ఆయన పోట్లాడటం ఎవరూ ఎరగరు. గుమస్తా దిక్కుతోచక అన్నకూతురి వైపు చూశాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది. ఏడుపులోంచే నవ్వొచ్చింది.

"వేసెయ్యండి. మీరు ఆయనతో గెలవలేరు."