మొక్కు లేని కొండ

మా మామ పుల్లన్న తన జీవితంలో ఆరు కొండలకు పోయాడు. ఆరూ దేవుళ్లవే. పెళ్లయిన ఏడాది ఒకటి, పిల్లలు పుట్టాలని ఒకటి, మా ఆయన హనుమేష్ పుట్టాక పుట్టువెంట్రుకలు తీయించడానికి ఒకటి, కాలి మీద బండ పడి ఆరు నెలలు మంచంలో ఉండి లేచినందుకు ఇంకొకటి. మిగతా రెండూ వానల కోసం. ప్రతిసారీ మా అత్త ఈరక్క వెంట ఉంది. చెప్పులు విడిచి, మాంసం మానేసి, మొక్కు చెల్లించి రావడమే తప్ప ఊరికే కొండకు పోతారని ఆయన ఎన్నడూ ఎరగడు. ఈ సంగతి ముందే నా బుర్రకు తట్టి ఉంటే, మొన్న వేసవిలో అందరం కొండకు పోయిన ఆ మూడు రోజులూ నా ప్రాణం అంత విసిగేది కాదు.

ఆయనది బేతంచెర్ల దగ్గర పల్లె. బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు పని చేశాడు. పొద్దున్నే సైకిలెక్కి తొమ్మిది కిలోమీటర్లు పోయి, సాయంత్రానికి నెత్తి నుంచి కాళ్ల దాకా దుమ్ము కొట్టుకుని వచ్చేవాడట. ఇప్పుడు పని మానేసి, అత్తతో కలిసి కర్నూల్లో మా ఇంట్లోనే ఉంటున్నాడు. మంచి మనిషే. కానీ మనసులో ఏముందో బయటపెట్టడు. ఎన్నిసార్లు అడిగినా "ఏం లేదులేమ్మా" అంటాడు. అలాంటి మనుషులతో నాకు ఒళ్లు మండుతుంది.

ఏప్రిల్‌లో అత్తకు కడుపునొప్పి వస్తే స్కానింగ్ తీయించాం. ఏమీ లేదు, కారం తగ్గించమని చెప్పి మాత్రలిచ్చారు. మామకూ అదే చెప్పాం. ఆయనకు చదువు రాదు. అయినా రిపోర్టు తీసి వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి, మంచం కింది పెట్టెలో దాచాడు. పదిహేను రోజులు గడిచాయో లేదో నేను ప్రయాణం పెట్టాను. తమిళనాడులో కొండ మీద చల్లటి ఊరు, అక్కడొక చెరువు, దాని చుట్టూ తిరగడానికి అద్దె సైకిళ్లు.

"ఎవరి కొండమ్మా?" అని అడిగాడు మామ.

ఎవరిదీ కాదు మామా, చల్లగా ఉంటుందని పోతున్నాం అన్నాను. ఎవరికి బాగాలేదని అడిగాడు. అందరూ గుండ్రాయిల్లా ఉన్నారని నవ్వాను. ఆయన నవ్వలేదు. మొక్కు తీరేదాకా అది ఎందుకు మొక్కారో నోరు విప్పకూడదని వాళ్లింట్లో పద్ధతి. నేను కూడా ఆ పద్ధతే పాటిస్తున్నానని ఆయన అనుకున్నాడు. ఆ రోజు నుంచే మాంసం మానేశాడు. బయలుదేరే రోజు నేను కారులో పెట్టిన చెప్పులు తీసుకుపోయి గడప పక్కన పెట్టి వచ్చాడు.

ఘాట్ రోడ్డు మొదలవగానే కారు ఆపమన్నాడు. దిగి, మట్టి ముట్టుకుని నుదుటికి రాసుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. వాంతి వస్తోందేమోనని నిమ్మకాయ చేతికిచ్చాను. దాన్ని తీసుకుపోయి మైలురాయి ముందు పెట్టి దండం పెట్టాడు. హనుమేష్ నా వైపు చూశాడు, నేను హనుమేష్ వైపు చూశాను. ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు.

పైన లోయ చూసే చోట అంతా మంచు. జనం కమ్మీ పట్టుకుని ఎదురు చూస్తున్నారు. గుళ్లో తెర తీసేదాకా నిలబడినట్టు మామ చేతులు జోడించి వాళ్ల మధ్య నిలబడ్డాడు. మంచు తేలిపోయింది. కింద చెట్లు తప్ప ఏమీ లేవు. ఆయన చేతులు అట్లాగే ఉన్నాయి. ఏమి చూడాలమ్మా అని మెల్లగా అడిగాడు. అదే మామా, చూడండి అన్నాను విసుగ్గా. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మరునాడు చెరువు దగ్గర నా కూతురు సుప్రజకు చిన్న సైకిలు, మాకు రెండు, అత్తామామలకు ఇద్దరు తొక్కే పొడుగు సైకిలు తీసుకున్నాం. అత్త మొహం వెలిగిపోయింది. మామ మాత్రం చలికి వణుకుతూ, ఉత్తకాళ్లతో గట్టు మీద నుంచి కదల్లేదు.

"ఇరవై రెండేండ్లు నీ సైకిలు తుడిచినా. ఒక్క దినం ఎక్కించుకోలేదు. రాయ్యా" అంది అత్త.

"మొక్కు మీద వచ్చి సైకిలెట్ల ఎక్కుతావే?"

ఏం మొక్కని నేను గట్టిగానే అడిగాను. ఆయన నా వైపు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాకు దాచొద్దమ్మా. ఈమె ఇంగ ఎన్నాళ్లుంటాదని చెప్పినారో, అదొక్కటి చెప్పు. మా అన్న అయ్యన్నకూ ఏమీ లేదనే చెప్పిరి. మూడు నెలలకు మోసుకపోతిమి."

నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సుప్రజ మీద ఒట్టేసి చెప్పాను, అత్తకు నిజంగానే ఏ జబ్బూ లేదని. హనుమేష్ కూడా చెప్పాడు. నమ్మాలో వద్దో తెలియక ఆయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. మరి ఎందుకొచ్చినాం అని మళ్లీ అదే అడిగాడు.

అత్త వచ్చి పక్కన కూర్చుంది. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు ఆటోలో నాతో చెప్పుకుని, ఎవరికీ చెప్పొద్దన్న మాటను తనే బయటపెట్టింది.

"ఈ ప్రయాణం నేనే అడిగినా. ఆ స్కానింగు బల్ల మింద పండుకున్నప్పుడు అనిపిచ్చింది. ఆరు కొండలకు పోయినా, ఆరుసార్లూ ఏదో ఒకటి అడుక్కునేకే పోయినా. ఒక్కసారన్నా ఏమీ అడక్కుండా పోయి రావాలని."

మామ అత్త వైపు తిరిగాడు.

"నేను అడిగేసినానే" అన్నాడు. "కొండ మొదట్లో దిగినా చూడు, ఆన్నే. నిన్ను నాకు ఉంచితే ఏటేటా ఈడికి తోలుకొస్తానని."

"ఎవరికి మొక్కుకున్నావు?"

"అదే తెలీదు. ఈడ ఎవరుంటే వాళ్లకని."

అత్త నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఏమీ అడక్కుండా పోదామంటే నా వంతు కూడా నువ్వే అడిగేసినావు గదయ్యా అంది. మామ లేచి సైకిలు పట్టుకున్నాడు. చెరువు కుడిచేతి వైపు ఉండేలా తిప్పుకుని, అత్తను వెనక కూర్చోబెట్టి, కాలు సరిగ్గా పెట్టుకోమని రెండుసార్లు చెప్పి తొక్కడం మొదలుపెట్టాడు.

ఒక చుట్టు తిరిగి వస్తుంటే, ఇక చాలు నాన్నా, సైకిలు ఇచ్చేద్దామని హనుమేష్ చెయ్యెత్తాడు. మామ ఆపలేదు. ఇంకా రెండు చుట్లున్నాయని వేళ్లు చూపించి, మా ముందు నుంచే ఉత్తకాళ్లతో తొక్కుకుంటూ పోయాడు. అత్త ఆయన చొక్కా పట్టుకుని ఉంది.