అవ్వ చించిన కొత్త చీర

నిన్న హిందూపురంలో కోడలితో వాటర్ ఫిల్టర్ కొనడానికి వెళ్లాను. అంగడాయన రకరకాలవి చూపిస్తుంటే, అరవైల మొదట్లో పెనుకొండ పక్కన మా పల్లె ఇల్లు కళ్లముందు మెదిలింది. మన ఈడువాళ్లకు నారికురుపు గుర్తుందా? దిగుడుబావి నీళ్లతో ఒంట్లో చేరి, కాలి పుండులోంచి దారంలా బయటికొచ్చే పురుగు! ఆ ఏడు సేద్యం వేళకు అది నాయనను మంచాన పడేసింది.

"నీళ్లలో గంతులేసే నలుసుల్లోనే ఆ పురుగు పిల్లలుంటాయి, గుడ్డలో వడగట్టి తాగండి" అని హెల్త్ ఇన్‌స్పెక్టర్ చెప్పిపోయాడు. ఏ గుడ్డలో? నాయన పాత పంచెలో వడగట్టినా చెంబులో తెల్లటి నలుసులు గంతులేస్తూనే ఉన్నాయి. నా పావడా గుడ్డా అంతే. అప్పుడు అవ్వ పెట్టెలోంచి ధర్మవరం సంతలో కొన్న చిక్కటి నేత నూలు చీర తీసింది. అదింకా ఒక్కసారీ కట్టలేదు.

"కొత్త చీర ఏంటికి చించుతావమ్మా?" అన్నాడు నాయన.

"చీర మళ్లా వస్తాది. నీ కాలు పోతే యాడ తెచ్చేదప్పా?"

పర్రున చింపి, నాలుగు మడతలేసి కడవ మూతికి కట్టింది. నీళ్లు పోస్తే నలుసులన్నీ గుడ్డ మీదే ఆగిపోయాయి!

"చిక్కినాయవ్వా! అన్నీ చిక్కినాయి!" వీధంతా వినబడేలా అరిచాను.

రెండో ఏటికి మా ఇంట్లో ఎవరికీ కురుపు లేదు. తొలకరి పడగానే నాయన దున్నడానికి మడక భుజాన వేసుకుని చేనికి బయల్దేరితే, ఆయన అడుగుల వేగం అందుకోలేక నేను వెనకే పరుగెత్తాను.