కెప్టెన్ ఎందుకు వెనక్కి వచ్చాడు

ఓబులేసుకు ఆ సీరియల్ పేరు తెలియదు. పదకొండేళ్లుగా దాన్ని మరిచిపోయిన రోజు లేదు గానీ, పేరు మాత్రం తెలియదు. అందుకే హిందూపురంలో సీడీలు అమ్మే అంగడి ముందు నిలబడి నానా తంటాలు పడ్డాడు.

"హీరో ఎవరన్నా?" అని అడిగాడు అంగడివాడు.

"హీరో అంటూ ఎవరూ లేరప్పా. సిపాయిలుంటారు. రెండంతస్తుల ఇనుప మనుషులుంటాయి. వాటి కడుపులో కూచోని తోలుతాంటారు. బొమ్మల సీరియలు. జపానోళ్లది."

"ఓ, చిన్నపిల్లోళ్లదా!"

"పెద్దోళ్లదే!" అన్నాడు ఓబులేసు, కొంచెం గట్టిగానే.

నలభైకి దగ్గరపడిన మనిషి, చొక్కా నిండా గ్రీజు మరకలు, ఎడమ కాలు కాస్త ఈడ్చి నడుస్తాడు. అంగడివాడు అతన్ని కిందినుంచి పైదాకా చూసి మూడు సీడీలు చేతిలో పెట్టాడు. ఇంటికి పోయి వేసి చూస్తే ఒకదాంట్లో మర మనిషి ఒక్కడే పట్నమంతా కూలగొడుతున్నాడు. రెండోది అసలు తిరగలేదు. మూడోదాంట్లో భక్తి పాటలు. ఓబులేసుకు ఒళ్లు మండిపోయింది.

అతను బోరు బండి మీద డ్రిల్లరు. పరిగి పక్కన పల్లె. తండ్రి వేసిన మూడు బోర్లలో దుమ్ము తప్ప నీళ్లు రాకపోతే, ఆ మూడో బోరు వేసిన బండి మీదనే కూలీగా ఎక్కాడు పంతొమ్మిదేళ్లప్పుడు. ఆ తర్వాత ఊళ్లూళ్లూ తిరిగాడు. ఒక ఊళ్లో నాలుగు వందల అడుగులు, ఇంకో ఊళ్లో ఆరు వందలు. నీళ్లు పడితే ఆ ఇంటివాళ్లు టెంకాయ కొట్టి దండం పెట్టేవాళ్లు. పడకపోతే ఎవరూ మొహం చూసేవాళ్లు కాదు. భూమిలో నీళ్లు లేకపోవడం బండి మీదివాళ్ల తప్పయినట్టే ఉండేది.

తొంభై ఏడులో గుడిబండ దగ్గర బోరు వేస్తున్న ఒక పాయింటు మీద ప్రమాదం జరిగింది. బండి పక్కన పేర్చిన ఇనుప రాడ్లను పట్టి ఉంచే లాకు అరిగిపోయి చాలా రోజులైంది. అదురుకు ఊడి, నాలుగు రాడ్లు జారి ఓబులేసు కాలి మీద పడ్డాయి. తోటివాళ్లు రాడ్లు తీసి అతన్ని కానుగ చెట్టు కింద పడుకోబెట్టారు. గంట తర్వాత హిందూపురం నుంచి ఓనరు జీపులో వచ్చాడు. దిగి, నేరుగా బండి దగ్గరికి పోయి చుట్టూ తిరిగి చూశాడు.

"బండికేమీ కాలేదు గదా?" అని డ్రైవరును అడిగాడు.

ఆ తర్వాతే చెట్టు కిందికి వచ్చాడు. ఆస్పత్రి ఖర్చంతా అతనే పెట్టుకున్నాడు, అందులో అబద్ధం లేదు. కానీ ఓబులేసు చెవిలో ఆ మొదటి మాటే ఉండిపోయింది.

కాలికి కట్టుతో మూడు నెలలు పెనుకొండలో అక్క నరసక్క ఇంట్లో పడి ఉన్నాడు. బావది రైల్వేలో గ్యాంగ్‌మన్ పని. ఇంట్లో టీవీ ఉంది, కొత్తగా కేబులు వచ్చింది. ఏమీ తోచక రిమోట్ నొక్కుతూ ఉంటే, ఒకనాడు సాయంత్రం నాలుగున్నరకు ఒక ఇంగ్లీషు ఛానల్లో ఆ బొమ్మలు కనబడ్డాయి. వాన, బురద. బురదలో మోకాళ్ల దాకా కూరుకుపోయిన ఇనుప యంత్రం. దాని మోకాలి కీలు దగ్గర ఒక సిపాయి పళ్లు కరుచుకుని స్పానరు తిప్పుతున్నాడు. బోల్టు రావడం లేదు.

ఓబులేసు లేచి కూర్చున్నాడు. అరిగిన బోల్టు ఎంత ఏడిపిస్తుందో అతనికి తెలుసు. టీవీలో అట్లాంటి సంగతి చూపిస్తారని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

ఆ రోజు నుంచి ఒక్కరోజు తప్పలేదు. మాటలన్నీ ఇంగ్లీషు, ఒక్క ముక్క అర్థం కాదు. అయినా పక్కన కూర్చున్న అక్క కూతురు పవిత్రకు కథంతా తెలుగులో చెప్పేవాడు. పవిత్రకు అప్పుడు ఏడేళ్లు. సిపాయిలకు తనే పేర్లు పెట్టాడు. కెప్టెన్ మీసాలాయన. ఎప్పుడు చూసినా రేడియోలో గొణుగుతూ ఉండే లావు సిపాయి గుండోడు. వాడు పొద్దస్తమానం కూడు గురించే అడుగుతాంటాడని ఓబులేసు చెబితే పవిత్ర పడి పడి నవ్వేది. యంత్రాలు బాగుచేసే పొట్టి జుట్టు ఆడమనిషికి, తమ వీధిలో గొంతు పెద్దదైన యల్లక్క పేరే పెట్టాడు.

ఒక భాగంలో గుంపు మొత్తం వాగు దాటి పోతుంది. ఒక సిపాయి యంత్రంతో సహా బురదలో పడిపోతాడు. అందరూ ముందుకు పోయినాక, మీసాలాయన ఒక్కడే వానలో వెనక్కి తిరిగి వస్తాడు. తన యంత్రం చేతులతో పడిపోయినదాన్ని ఎత్తి, భుజాన వేసుకుని నడుస్తాడు. అది చూసి ఓబులేసు ఏడ్చాడు. పవిత్ర అడిగితే, "పెద్దోడంటే అట్లుండల్ల పాపా. మనిషి కోసరం వెనక్కి రావల్ల," అన్నాడు.

ఇంకో వారం గడిచిందో లేదో, కేబులతను ఆ ఛానల్ తీసేసి సినిమా పాటల ఛానల్ పెట్టాడు. నరసక్క పోయి అడిగితే, "అది ఎవరు చూస్తారక్కా?" అన్నాడట. కడపటి భాగాలు చూడకుండానే కట్టు విప్పేశారు, ఓబులేసు మళ్లీ బండెక్కాడు. పదకొండేళ్లు ఎక్కిన బండి దిగకుండా పనిచేశాడు. కూలీ నుంచి డ్రిల్లరు అయ్యాడు. ఓనరు విసుక్కున్నప్పుడల్లా మనసులో మీసాలాయనను తలచుకునేవాడు. ఎక్కడో ఒకచోట అట్లాంటి పెద్దమనిషి ఉన్నాడన్నట్టు.

సీడీ అంగడిలో భంగపడిన సంగతి విని, ఆ సీరియల్‌ను పట్టుకున్నది పవిత్రే. అప్పటికి ఆమెకు పద్దెనిమిది. పెనుకొండ నుంచి రోజూ రైల్లో ధర్మవరం పోయి డిగ్రీ చదువుతోంది. కాలేజీ దగ్గర నెట్ సెంటర్లో గంటసేపు కూర్చుని వెతికింది. స్నేహితురాలి అన్న బెంగళూరు నుంచి డిస్కులు తెచ్చిచ్చాడు. ఇరవై ఆరు భాగాలు, అయిదు డిస్కులు.

వానలు పడి బండి షెడ్డులో ఉన్న కాలం. ఆదివారం మధ్యాహ్నం ఓబులేసు కొత్త చొక్కా వేసుకుని పెనుకొండకు వచ్చాడు. డిస్కు వేయగానే మొహం మాడ్చుకున్నాడు.

"ఇది మీసాలాయన గొంతు కాదే!"

"ఇది అసలు గొంతు మామా. జపాను భాష. నువ్వు విన్నది ఇంగ్లీషోళ్ల గొంతు."

"ఇదేమి గొంతు, పిల్లంగోవి మాదిరి. ఆయన గొంతు ఎంత గంభీరంగా ఉండేది!"

రెండో భాగం సగంలో డిస్కు ఇరుక్కుంది. తుడిచి వేస్తే కరెంటు పోయింది. కరెంటు వచ్చేసరికి నరసక్క తన సీరియల్ పెట్టుకుంది. ఓబులేసు గడప మీద కూర్చుని మేనకోడలికి ఫిర్యాదు చేశాడు, "పదకొండేండ్లు కాసుకోని ఉంటే ఇదీ కత!"

తర్వాతి ఆదివారాల్లో కొంత మెరుగు. తెర కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలను పవిత్ర తెలుగులో చెబుతూ పోయింది. మొదట్లో అంతా ఓబులేసు చెప్పినట్టే ఉంది. కానీ పోను పోను ఆమె మధ్యమధ్య తడబడింది. మీసాలాయన అరనిమిషం మాట్లాడితే ఆమె మూడు మాటల్లో ముగించేది.

వాగు దాటే భాగం వచ్చింది. అదే వాన. మీసాలాయన రేడియోలో పైవాళ్లతో మాట్లాడాడు. తెర కింద రెండు వరుసల అక్షరాలు మారి మారి వచ్చాయి.

"నా మనిషిని వదిలిపెట్టి రాలేను, అంటాండాడు మామా," అంది పవిత్ర.

ఓబులేసు ఆమె వైపు చూశాడు. "అంత మాట్లాడితే ఇంతేనా?"

"అంతే."

"పాపా, నాకు ఇంగ్లీషు రాదు గానీ లెక్క వస్తాది. వెనక్కి తిప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

పవిత్ర రిమోట్ అందుకుంది. వెనక్కి తిప్పి, తెర వైపే చూస్తూ చెప్పింది.

"యంత్రం పడిపోయింది, సార్, అంటాడు. పైవాళ్లు, యంత్రం శత్రువు చేతికి చిక్కకూడదు, పోయి తీసుకురా, అంటారు. లోపల మనిషి ఉండాడు, అంటాడు మీసాలాయన. బతికుండినా సచ్చినా ముందు యంత్రం తే, మనిషిని తర్వాత దించుకో, అంటారు. సరే సార్, అంటాడు."

"సరే అన్యాడా?"

"సరే సార్, అన్యాడు మామా."

తెర మీద మీసాలాయన యంత్రాన్ని భుజాన వేసుకుని నడుస్తూనే ఉన్నాడు. ఓబులేసు లేచాడు. "నువ్వు మొదట చెప్పినట్టే చెప్పింటే పోయేది గదే," అన్నాడు. నిజం అడిగింది తానేనని గుర్తొచ్చి ఇంకా చిరాకు పడ్డాడు. టీ కూడా తాగకుండా హిందూపురం బస్సెక్కాడు.

రెండు ఆదివారాలు రాలేదు. ఇంట్లో అయినదానికీ కానిదానికీ భార్య మీద విసుక్కున్నాడు. జపానోడెవడో బొమ్మలు గీస్తే నాకేమి అని తనకు తానే చెప్పుకున్నాడు. కానీ షెడ్డులో బండికి గ్రీజు పెడుతూ రాడ్ల లాకు చూసినప్పుడు చెయ్యి ఆగింది. తొంభై ఏడులో ఊడిన లాకుకు అతుకు వేయించారు. ఆ అతుకు మళ్లీ అరిగింది. ఓనరుకు చెప్పడం ఇది నాలుగో ఏడు.

"అన్నా, ఆ లాకు మార్పించల్ల. నా కాలు పోయినట్ల ఇంకొకరిది పోతాది."

"ఏమప్పా ఓబులేసూ, ఈ సీజను పోనీ, సూద్దాం," అన్నాడు ఓనరు, ప్రతి ఏడూ అన్నట్టే.

మూడో శనివారం పవిత్ర కాలేజీ ఎగ్గొట్టి హిందూపురం ప్యాసింజరెక్కింది. అడుగుతూ అడుగుతూ షెడ్డుకు వచ్చింది. ఓబులేసు బండి కింద పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఆమె ఆ కాళ్లతోనే మాట్లాడింది.

"మామా, ఇంకా ఎనిమిది భాగాలు ఉండాయి."

"ఉండనీ. నాకొద్దు."

"నేను ముందే చూసేసినా. గుండోడి గొణుగుడు ఏందో వాటిలోనే తేలుతాది. గుండోడు కూడు అడుగుతాండాడని గదా నువ్వు చెప్పింది? వాడు అడిగింది కూడు కాదు."

బండి కింద స్పానరు చప్పుడు ఆగింది.

"ఊళ్లు సోదా చేయమని పంపుతారు వాన్ని. ప్రతి ఊళ్లోనూ జనం దాక్కోని ఉంటారు. వాడు చూస్తాడు. చూసి రేడియోలో, ఈడ ఎవరూ లేరు సార్, ఊరు ఖాళీ, అంటాడు. అన్నిసార్లూ అదే మాట. మనమేమో నవ్వుకుంటాంటిమి."

ఓబులేసు మెల్లగా బయటికి జరిగి వచ్చాడు. మొహం నిండా గ్రీజు.

"ఆ సంగతి ముందే ఏంటికి చెప్పలేదు నువ్వు?"

"నువ్వు బస్సెక్కి పోతివి గదా!"

ఆ ఆదివారం వచ్చాడు. గుండోడి భాగాలు రెండుసార్లు వేయించుకుని చూశాడు. ఎన్నిసార్లు నవ్వినానో వీన్ని చూసి, అని గొణుక్కున్నాడు. మీసాలాయన కనబడినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకున్నాడు. చివరి భాగం వచ్చేసరికి మంచం అంచుకు జరిగి కూర్చున్నాడు. యుద్ధం ఎవరు గెలిచారో కూడా చెప్పలేదు. ఒక లారీ వచ్చింది. కాగితం చదివారు. సిపాయిలు యంత్రాలను చేను మధ్య వదిలేసి రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడ్డారు. బస్సు రాకముందే అయిపోయింది.

"ఇంతేనా?"

"ఇంతే మామా."

"బస్సు వచ్చిందా రాలేదా? యల్లక్క యాడికి పాయ? ఇరవై ఆరు భాగాలు తీసినోళ్లకు బస్సు చూపించేదానికి చేతకాలేదా?" రిమోట్ మంచం మీద పడేశాడు. నరసక్క వంటింట్లోంచి, "బొమ్మలకు కూడా కోపమేనా నీకు!" అంది.

వానలు వెనకబట్టాయి. బండికి పాయింట్లు వచ్చాయి. మొదటి రోజు పొద్దున ఓబులేసు బండెక్కలేదు. లాకు మార్చితే గానీ ఎక్కనన్నాడు. ఓనరుకు నమ్మకం కుదరలేదు.

"ఇన్నేండ్లు లేంది ఇప్పుడేమొచ్చింది నీకు?"

"ఇన్నేండ్లు సరే అన్నా, సరే అన్నా అంటిని. ఇప్పుడు అనను."

ఓనరు తిట్టాడు, బతిమాలాడు, మళ్లీ తిట్టాడు. ఓబులేసు షెడ్డు అరుగు మీద నుంచి లేవలేదు. నాలుగో రోజు వెల్డింగ్ అంగడివాడు వచ్చి కొత్త లాకు బిగించాడు. అయిదో రోజు ఇంకొక డ్రిల్లరు వచ్చి బండెక్కాడు. లాకూ మారింది, మనిషీ మారాడు. కొత్తగా వచ్చినవాడు లాకును చేత్తో ఊపి చూసి, "బాగుండాదే!" అన్నాడు. అది ఎవరి వల్ల మారిందో వాడికి చెప్పినవాళ్లు లేరు.

రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాక, బోర్లలో మోటార్లు దించే గుంపులో పని దొరికింది. మొదటి పని ముదిగుబ్బ దగ్గర ఒక శనగచేనులో. గుంపు పెద్ద సామాను దించించాడు. మూడు కాళ్ల స్టాండు, కప్పీ, గొలుసు. ఓబులేసు గొలుసును చేతిలోకి తీసుకుని కొక్కెం దాకా ఒక్కో లింకూ చూసుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు.

"ఈడ చీలింది. ఇది మార్చల్ల."

"ఈ మోటారు దించేస్తాం, తర్వాత సూద్దాంలేప్పా," అన్నాడు గుంపు పెద్ద.

ఓబులేసు గొలుసును కింద పెట్టి, కాలు చాచుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"సరే. నువ్వు సూసినంకనే మొదలుపెడదాం," అన్నాడు.