అవ్వ నెత్తిన తిరిగొచ్చిన గౌను

మా చిన్నప్పుడు... చెల్లి పుట్టిన ఎండాకాలం, అమ్మ నులకమంచం మీద కూర్చుని రెండు వెదురు పుల్లలతో గౌను అల్లుతుండేది. ఆ పుల్లలు బాపు చీల్చి, గాజుపెంకుతో గీకి నున్నగా చేసిచ్చినవి. నూలేమో పక్కింటి మగ్గం నర్సయ్య ఇచ్చిన మిగులు పోగులు... అమ్మ వాటిని వేడినీళ్లలో నానబెట్టి, గంజి పోయేదాకా పిండి, నీడన ఆరేసింది.

అల్లిక ఆమెకు దవాఖానలో ఒక నర్సమ్మ నేర్పింది. కట్టంగూర్ దగ్గరి మా ఊళ్లో ఇంకెవరికీ రాదు. "పుల్లలు లావుగుండాలె, పోగు సన్నగుండాలె... అప్పుడే గాలాడుతది" అనేది. కన్ను పక్కన కన్ను వేసుకుంటూ పోతే ఆ బట్ట వలలాగా పెరిగేది. చేతిలో పట్టుకుంటే బరువే తెలిసేది కాదు.

అంత పలచని గౌను ఎందుకంటే... చెల్లి వీపంతా చెమటకాయలు. మా వైపు పసిపిల్లలకు మొదట కొత్త బట్ట వేయరు. నిండుగా బతికిన పెద్దవాళ్లు కట్టి విడిచిన పాతబట్టే వేస్తారు, వాళ్ల ఆయుష్షు పిల్లలకు వస్తుందని. మామూలుగా అది మంచి పద్ధతే. పాతబట్ట మెత్తగా ఉంటుంది కదా. కానీ మా మేనత్త ఏరికోరి మా తాత ముతక పంచె బయటికి తీసింది. ఈమె బాపుకు అక్క, మా ఇంట్లోనే ఉండి మా అందరి మీదా పెత్తనం చేసిన మనిషి. ఆ పంచె ఎన్ని ఉతుకులు పడినా గోనెసంచిలాగే ఉండేది. నిప్పులు చెరిగే ఎండల్లో చెల్లిని దాంట్లో చుట్టి పడుకోబెట్టేది. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

అమ్మ గౌను పూర్తిచేసి చెల్లికి తొడగబోతుంటే, అత్త వచ్చి చేతిలోంచి లాక్కుంది.

"పురిటి పిల్లకు కొత్తబట్ట ఏస్తవా పిల్లా? అక్కల్ లేదా, బుద్ధి లేదా నీకు?"

"ఒళ్లంత పేలింది వదినె... జర చూడరాదు."

"పేలింది మానుతది. పానం పోతే వస్తదా? ఏడాది నిండనీ, అప్పుడేస్కో."

గౌను తీసుకెళ్లి గోడకు ఎత్తున ఉన్న కొయ్యకు తగిలించింది. ఏడాది నిండాక అది చెల్లి మోచేతి దాకా కూడా ఎక్కదని ఇంట్లో అందరికీ తెలుసు.  బాపు అక్క మాటకు ఎన్నడూ ఎదురు చెప్పలేదు. అమ్మ గోడ వైపు తిరిగి పిల్లకు పాలిచ్చింది.

అత్త తొలిచూలు బిడ్డ కొత్తబట్ట తొడిగిన కొద్దిరోజులకే పోయిందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తెలిశాక కూడా నా కోపం పూర్తిగా చల్లారలేదు... అది వేరే సంగతి.

మా అవ్వ, అంటే అత్తనూ బాపునూ కన్నతల్లి, ఇదంతా అరుగు మీద నుంచి చూసింది. 

మర్నాడు పొద్దున చూస్తే కొయ్యకు గౌను లేదు... అవ్వ నెత్తిన ఉంది! అల్లిక కాబట్టి సాగింది. అంచు నుదుటి మీదికి దిగింది. మెడ కంతలోంచి కొప్పు బయటికొచ్చింది. గౌను చేతులు రెండూ మేక చెవుల్లా వేలాడుతున్నాయి. అదే అవతారంతో వాకిలి ఊడ్చింది, పేడ ఎత్తింది, గొర్లకు మేత వేసింది, బజారుకు కూడా పోయింది.

మగ్గం గుంటలోంచి నర్సయ్య తొంగిచూశాడు. "ఏందవ్వా, గీ ఏశం?"

"ఎండకు తలగుడ్డరా. నీ మగ్గం మీద గిసొంటిది నెయ్యి చూద్దాం!"

వాడంతా నవ్వింది.

పొద్దు గూకే వేళకు అవ్వ ఇంటికొచ్చి, గౌను తీసి అత్త ఒళ్లో వేసింది.

"ఇగో బిడ్డా, నేను కట్టి ఇడిసిన బట్ట. గీ ఊర్లె నాకన్న ఎక్కువ బతికినోళ్లు ఉంటే చూపియ్యి."

"పరాష్కమా అమ్మా నీకు?"

"నా మొకం చూడు, నవ్వుతున్ననా? పిల్ల నా అంత బతకాలని పొద్దుగాల్నుంచి మొక్కుకుంటనే తిరిగిన."

అత్త గౌనును అటూ ఇటూ తిప్పి చూసింది. వేళ్లతో నిమిరింది. 

"ఉతికి ఏయమను. సెమట వాసన కొడ్తాంది."

అమ్మ వెంటనే ఉతికింది. అంత పలచన కదా, దీపం పెట్టేలోపు ఆరిపోయింది. తొడిగిన కాసేపటికే చెల్లి నిద్రపోయింది. అమ్మ మాత్రం విసనకర్ర ఊపుతూ, అల్లిక కన్నుల్లోంచి కనిపించే ఆ చిన్న వీపును చూస్తూ కూర్చుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటారా... మొన్న చిట్యాలలో, ఫంక్షన్‌హాల్లో మా చెల్లి మనవరాలిని తొట్టెల్లో వేశారు. ఆ అత్త కొడుకు, మా బావ, మైకు పట్టుకుని "అప్పట్ల మా అమ్మ తన చేతుల్తోని గౌను అల్లి గీ మరదల్ని బతికిచ్చింది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మా చెల్లి కళ్లు తుడుచుకుంది. అప్పుడు పసిగుడ్డు, ఆమెకేం తెలుసు? నేను లేచి నిలబడేలోపు పాటలు పెట్టేశారు.

బతుకంతా పుస్తకాలు చదివాను. గొంతు పెద్దదైనవాడు చెప్పిందే చరిత్ర అవుతుందని వాటిల్లో చదివి, నిజమే అని తలాడించాను. మా ఇంట్లోనే అది జరుగుతుంటే మాత్రం ఆడించలేకపోయాను. బావా, నువ్విది చదువుతావని తెలుసు. మీ అమ్మ గౌనును కొయ్యకు తగిలించింది. అల్లింది మా అమ్మ.

ఇప్పుడు పిల్ల పుట్టకముందే అట్టపెట్టెల్లో గౌన్లు ఇంటికొస్తున్నాయి. మెత్తగానే ఉంటున్నాయి, పిల్లలూ హాయిగానే ఉన్నారు... కాదనను. కాకపోతే అవి ఎవరి చేతుల్లో తయారయ్యాయో అడిగేవాళ్లు లేరు... అడిగినా చెప్పేవాళ్లు లేరు.

మీకూ చిన్నప్పుడు ఎవరో ఒకరు అల్లిపెట్టిన బట్టో, కుట్టిపెట్టిన బట్టో ఉండే ఉంటుంది. ఆ ముచ్చట కింద రాయండి. అమ్మ, అవ్వ, చిన్నమ్మ అని ఊరుకోకుండా... పేరు పెట్టి రాయండి.

మా అమ్మ పేరు యాదమ్మ.