కంచుగారి విడి మాటలు

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకు ఒకటి ఉంది. గ్యాసు కాగితాల మీదా, బ్యాంకు పుస్తకం మీదా తప్ప అది ఎక్కడా కనపడదు. స్టూడియోల్లో అందరూ ఆయన్ని కంచుగారు అనేవాళ్ళు. కంచుకంఠం అన్న మాటను సగానికి కోసి వాడుకున్నారు, ఆయనా దానికే పలకడం మొదలుపెట్టాడు. టీవీలో సబ్బు నురగ పొంగినా, కుక్కరు కూత పెట్టినా, గోడకు రంగు పడినా వెనకనుంచి వినిపించే గొంతు ఆయనదే. ముఖం మాత్రం పక్కింటివాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. కూరగాయల కొట్లో బేరమాడుతుంటే ఎవరో ఒకరు వెనక్కి తిరిగి, "మీ గొంతు ఎక్కడో విన్నానండీ" అనేవాళ్ళు. ఆ ఒక్క ముక్క కోసం ఆయన అవసరం లేకపోయినా బేరమాడేవాడు.

ముప్పై ఏళ్ళు ఆ పని చేశాడు. ముప్పై సెకన్లు కాగితం చూసి చదవడం కూడా ఒక పనేనా అని బంధువులు వెటకారం చేసేవాళ్ళు. చేసి చూస్తే తెలిసేది. చేతి గడియారం బయటే వదిలెయ్యాలి, లేకపోతే టిక్కుటిక్కు మైకులో పడుతుంది. గంజి పెట్టిన చొక్కా వేసుకోకూడదు, చెయ్యి కదిపితే బరబరమంటుంది. ఖాళీ కడుపుతో పోకూడదు, నిండా తినీ పోకూడదు, కడుపులో సంగతులన్నీ మైకుకు వినపడతాయి. ఊపిరి తీసుకోవలసిన చోటల్లా కాగితం మీద పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. ఇంతా చేసి, తీరా నోరు తెరిస్తే ఇవేవీ చేసినట్టు ఉండకూడదు.

రెండేళ్ళ కిందట ఒక దగ్గు పట్టుకుని నెలన్నర వదల్లేదు. పోతూ పోతూ గొంతులో ఉన్న నిండుతనాన్నంతా పట్టుకుపోయింది. గరుకు మాత్రం మిగిలింది. గొంతు డాక్టరు చిన్న అద్దం పెట్టి లోపలికి తొంగి చూసి, "జబ్బేం లేదండీ, వయసు" అన్నాడు. జబ్బయితే మందుండేది. కంచుగారు ఆ మాట భార్యకు చెప్పలేదు. "దగ్గు తాలూకు నీరసమట, తగ్గిపోతుందట" అన్నాడు. ఆవిడ నమ్మింది. అప్పట్నుంచి పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో తేనె, సాయంత్రం పుక్కిలించడానికి ఉప్పునీళ్ళు. ఫ్యాను గాలి నేరుగా తగలకుండా మంచం కూడా జరిపింది. ఆ గొంతును ఆవిడ పసిపిల్లను సాకినట్టు సాకింది. పిలుపులు మాత్రం పలచబడి, పలచబడి, ఆగిపోయాయి. పద్నాలుగు నెలలు కంచుగారు ఫోను మోగినప్పుడల్లా గొంతు సవరించుకుని మరీ ఎత్తాడు. అవతల ఉంటే బ్యాంకువాళ్ళు, లేకపోతే తప్పు నంబరు.

అలాంటి రోజుల్లో ఒక ప్రకటనల ఏజెన్సీ నుంచి ఒకావిడ ఫోను చేసింది.

"సార్, ఎప్పుడో పరుపుల కంపెనీకి మీరు చెప్పారు, గుర్తుందా? ఆ కంపెనీ ఇప్పుడు కొడుకు చేతికి వచ్చింది. కొత్త పరుపు తెస్తున్నారు. ఆయన చిన్నప్పట్నుంచీ మీ గొంతు వింటూ పెరిగారట. మీరు తప్ప ఇంకొకరు వద్దని పట్టుబట్టుకు కూర్చున్నారు. ఏడాది పొడుగునా టీవీ, రేడియో, అన్నీ మీరే."

కంచుగారికి నోట మాట రాలేదు. రాకపోవడమే మంచిదయింది.

"ఈమధ్య చేసిందేదైనా ఓ చిన్న శాంపిల్ పంపుతారా సార్? ఊరికే, ఫైల్లో ఉండాలి కదా, అందుకు."

ఈమధ్య చేసింది ఏముంది గనక? పదకొండేళ్ళ కిందట ఏరి పెట్టుకున్న మంచి ముక్కల ఫైలు ఒకటి ఉంటే, దాని పేరులోంచి సంవత్సరం చెరిపేసి పంపించేశాడు. ఈ వృత్తిలో అందరూ చేసే పనే కదా, తప్పేముంది అని తనకు తాను మూడుసార్లు చెప్పుకున్నాడు. తప్పు లేని పనికి మూడుసార్లు చెప్పుకోవలసిన అవసరం ఏమిటో మాత్రం ఆలోచించలేదు. గంట తిరక్కుండా ఏజెన్సీ ఆవిడ దగ్గర్నుంచి జవాబు వచ్చింది: "అదే గొంతు సార్! ఇసుమంత కూడా మారలేదు!"

భార్య సంబరానికి అంతు లేదు. "నేను చెప్పలేదూ తగ్గుతుందని!" అంటూ చెల్లెలికి ఫోను చేసి, తేనె ఏ కొట్లో కొన్నదీ మొదలుకుని అంతా చెప్పింది. కంచుగారు వారం రోజులు స్నానాల గదిలో తలుపు వేసుకుని సాధన చేశాడు. ఆయనకు కావలసింది ఒక్కటే. ఆ పాత గొంతు ఇంకా తన దగ్గరే ఉందని స్టూడియో అద్దం అవతల కూర్చున్నవాళ్ళు ఒప్పుకోవాలి. లేకపోతే ఆయన పని మానుకున్న మనిషి కూడా కాదు, ఎవరూ పిలవని మనిషి.

స్టూడియో పెద్దగా మారలేదు. గోడలకు అవే గోధుమరంగు మెత్తలు. రికార్డిస్టుకు మాత్రం బట్టతల వచ్చింది. మైకు ఎంత దూరంలో పెట్టాలో ఒకప్పుడు కంచుగారి దగ్గర నేర్చుకున్నవాడే ఇప్పుడు ఆ స్టూడియోకి యజమాని. "బాబాయ్!" అంటూ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. అతని సంతోషం నిజమైనదే.

"ఎలా ఉన్నావోయ్?" అన్నాడు కంచుగారు.

ఆ ఒక్క ముక్కకే రికార్డిస్టు మొహంలో ఏదో సర్దుకుంది. లోపలికి తీసుకెళ్ళి కుర్చీ వేశాడు.

అద్దం అవతల ముగ్గురు కూర్చున్నారు: రికార్డిస్టు, ఏజెన్సీ ఆవిడ, పరుపుల యజమాని. ఇవతల కంచుగారు, మైకు, కాగితం. "రోజంతా మీరు ఇంటిని మోశారు. ఇప్పుడు మిమ్మల్ని మోసేది... దూదిమబ్బు." దూదిమబ్బు అంటే ఆ కొత్త పరుపు పేరు.

అవతలివాళ్ళు బటన్ నొక్కితేనే వాళ్ళ మాట ఇవతలికి వినపడుతుంది. నొక్కకపోతే నోళ్ళు కదలడం కనిపిస్తుందంతే. ముప్పై ఏళ్ళలో కంచుగారికి ఆ మూగ మాటల లెక్క బాగా తెలిసింది. కాసేపే మాట్లాడుకుని బటన్ నొక్కితే పని బాగుంది. ఎంతకీ నొక్కకపోతే బాగాలేదు. మొదటిసారి చదివాక వెంటనే నొక్కారు: "బాగుంది సార్, కాస్త వెచ్చగా." నాలుగోసారి: "కాస్త లోతుగా." తొమ్మిదోసారి: "కాస్త నీళ్ళు తాగండి సార్." పద్నాలుగోసారి చదివాక నొక్కలేదు. కంచుగారు కాగితం వెనక్కి తిప్పి చూశాడు, అటువైపు ఏమీ లేదు. తలెత్తేసరికి పరుపుల యజమాని తన ఫోను రికార్డిస్టు చెవి దగ్గర పెట్టి ఏదో వినిపిస్తున్నాడు. విని ముగ్గురూ ఒకేసారి ఇటు చూశారు. ఆ ఫోన్లో ఉన్నది తనేనని కంచుగారికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఈసారి పరుపుల యజమాని స్వయంగా బటన్ నొక్కాడు. మంచివాడే, మొహమాటపడుతున్నాడు.

"అంకుల్, తప్పుగా అనుకోకండి. మాకు మీరే కావాలి. కాకపోతే... అప్పటి మీరు."

కంచుగారు కాగితం మళ్ళీ మైకు ముందుకు జరుపుకున్నాడు. "ఇంకొక్కటి ఇస్తాను బాబూ" అన్నాడు. ఇచ్చాడు. అది పద్నాలుగింటికన్నా అధ్వాన్నంగా వచ్చింది. వారం రోజుల సాధనకు ఉన్న గొంతు కూడా అరిగిపోయి ఉంది.

ఆయన్ని ఆ గండంనుంచి గట్టెక్కించాలనే రికార్డిస్టు నోరు విప్పాడు. "బాబాయ్‌ని పంపించక్కర్లేదు. నా దగ్గర ఆయన విడి మాటలున్నాయి."

కంచుగారికి మంచి రోజుల్లో ఒక అలవాటుండేది. పని పూర్తయ్యాక లేచిపోకుండా, "ఆపకు, ఇంకాస్త తీసుకో" అని మరో పావుగంట విడి మాటలు చెప్పేవాడు. అంకెలు, వారాల పేర్లు, ఇంటి సామాన్ల పేర్లు, "మీ కోసం", "ఇప్పుడే", "రోజంతా". ఒక్కో మాటనూ వాక్యం మొదట్లో వచ్చినట్టు ఒకసారి, మధ్యలో వచ్చినట్టు ఒకసారి, చివర వచ్చినట్టు ఒకసారి. రేపు కంపెనీవాళ్ళు ఏ మాటో మార్చమంటే మళ్ళీ తనకోసం కబురు పెట్టే శ్రమ లేకుండా రికార్డిస్టు అతికించుకుంటాడని. ఎవరూ అడగలేదు. మిగతా ఆర్టిస్టులు నవ్వారు కూడా: "రెండోసారి పిలిపించుకోవాలి గానీ, ఊరికే ధారపోస్తావేమయ్యా?" మనవల్ల ఇంకొకరి పని ఆగకూడదని ఆయన వాళ్ళకు నీతులు చెప్పాడు. బుద్ధిమంతుడు. తనను ఎవరూ పిలవక్కర్లేని ఏర్పాటును ఏళ్ళ తరబడి, తన నోటితో తనే, ఉచితంగా చేసిపెట్టాడు.

రికార్డిస్టు అందులో ఒక్క మాట పారేయలేదు. గురువుగారి గొంతు కదా, భద్రంగా దాచాడు. తెర మీద వరసలు వరసలుగా తెరిచాడు. ఏజెన్సీ ఆవిడ పక్కన కూర్చుని, దొరికిన మాటలకు తగ్గట్టు స్క్రిప్టునే మార్చేసింది. కంచుగారు వెనక సోఫాలో కూర్చుని రెండు గంటలు చూశాడు. ముందు "రోజంతా" వచ్చింది, తర్వాత "ఇంటిని". నలభై ఏళ్ళ వయసులో చెప్పిన మాట పక్కన నలభై ఎనిమిదేళ్ళప్పటి మాట వచ్చి అతుక్కుంది. నిండుగా, వెచ్చగా, ఎవరైనా నమ్మేసేలా ఉంది. అసూయపడ్డాడు. ఇంకెవరి మీదైనా అయితే బయటికి వెళ్ళి నాలుగు తిట్లు తిట్టుకునేవాడు. ఇప్పుడు ఎవర్ని తిట్టాలి?

అన్నీ దొరికాయి గానీ "మబ్బు" దొరకలేదు. దూది పాత ప్రకటనలో ఉంది, మబ్బు మాత్రం ఎక్కడా లేదు.

"బాబాయ్, ఆ ఒక్క ముక్క చెప్పి పెడతావా?"

కంచుగారు మళ్ళీ లోపలికి వెళ్ళి మబ్బు, మబ్బు, మబ్బు అని ముప్పైఒక్క సార్లు అన్నాడు. రికార్డిస్టు అందులో ఒకటి ఏరి, మిషను మీద దాని గరుకు తీసి, లోతు పెంచి, దూది పక్కన పెట్టి వినిపించాడు.

"ఇప్పుడు అచ్చం నీలాగే ఉంది బాబాయ్!" అనేసి నాలిక కరుచుకున్నాడు.

ఏజెన్సీ ఆవిడ ఒక కాగితం తెచ్చింది. పాత రికార్డింగులన్నీ ఆ కంపెనీ ఎప్పుడైనా, ఎలాగైనా వాడుకోవచ్చని రాసి ఉంది.

"మీకిష్టమైతేనే సార్. లేకపోతే అచ్చం మీలాగే చెప్పేవాళ్ళు ఒకరున్నారట, కబురు పెడతాం."

కంచుగారికి ఇంట్లో ఫోను పట్టుకుని చెల్లెలితో చెబుతున్న భార్య మొహం కళ్ళముందు మెదిలింది. సంతకం పెట్టాడు.

"చాలా థ్యాంక్స్ సార్. ఇకమీదట మీరు ఇంత దూరం శ్రమపడి రానే అక్కర్లేదు" అంది ఆవిడ. గౌరవంగానే అంది. ఆ గౌరవానికే ఆయనకు ఒళ్ళు మండిపోయింది, కానీ ఎవరి మీద చూపించాలో తెలియక దణ్ణం పెట్టి వచ్చేశాడు.

మూడు వారాల తర్వాత, ఒక ఆదివారం మధ్యాహ్నం, ప్రకటన మొదటిసారి టీవీలో వచ్చింది. భార్య ఆరేయబోతున్న బట్ట చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయింది. కళ్ళు చెమర్చాయి. పక్కింటావిడ గోడ మీదుగా అరిచి మరీ మెచ్చుకుంది. చెల్లెలు ఫోను చేసింది, చెల్లెలి తోటికోడలు చేసింది. ఆ పూటంతా ఇంట్లో పండగే. మర్నాడు పొద్దున్న మంచం పక్కన తేనె నీళ్ళ గ్లాసు లేదు.

కంచుగారు వంటింట్లోకి వెళ్ళి, "ఇవాళ నీళ్ళు కాచలేదా?" అన్నాడు, ఆ గరుకు గొంతుతోనే.

ఆవిడ కూరగాయలు తరుగుతోంది. తలెత్తలేదు.

"ఇంకా ఎందుకండీ? గొంతు నిక్షేపంలా ఉందిగా. టీవీలో విన్నానుగా."

"అది..."

"రెండేళ్ళు! రెండేళ్ళుగా నాతో ఈ గొరగొర గొంతుతో మాట్లాడుతుంటే పాపం పాడైపోయిందేమో అని కుమిలిపోయాను. రాత్రుళ్ళు లేచి మీకు దుప్పటి గొంతుదాకా కప్పాను. తీరా చూస్తే మైకు ముందు పెడితే పలుకుతుంది. బయటివాళ్ళకైతే బంగారంలాంటి గొంతు, నాకైతే ఈ అరిగిపోయింది. పెళ్ళాంతోనే కదా, ఎలా మాట్లాడితే ఏం, అంతేగా?"

కంచుగారు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. కోపం రాలేదు, ఏడుపొచ్చింది. నిజం చెబితే ఆవిడకు ఈ బాధ పోతుంది. దాంతోపాటు నిన్నటి సంతోషమూ పోతుంది. రెండింటిలో ఏది ఉంచాలో నాలుగు రోజులు తేల్చుకోలేకపోయాడు. ఆ నాలుగు రోజులూ ఆవిడ అవసరమైన మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఆయన అసలు మాట్లాడటమే తగ్గించేశాడు, దాంతో ఆవిడకు ఇంకా ఒళ్ళు మండింది.

ఐదోరోజు సాయంత్రం ఇక ఉండబట్టలేకపోయాడు. ఆవిడ టీవీ ముందు కూర్చుని బట్టలు మడతపెడుతోంది. వెళ్ళి పక్కన కూర్చుని ఆవిడ చేతిలోంచి చొక్కా తీసి పక్కన పెట్టాడు.

"చూడూ, నువ్వు విన్నది ఇప్పటి గొంతు కాదు. అసలేం జరిగిందంటే, ఆ రోజు స్టూడియోలో..."

టీవీలో సంగీతం మొదలైంది. ఆవిడ చెయ్యి పైకెత్తింది.

"అబ్బ, కాసేపు ఊరుకోండి" అంది, కళ్ళు టీవీ మీదనుంచి తిప్పకుండా. "మీది వస్తోంది. విననివ్వండి."

కంచుగారు ఆగిపోయాడు. ఆవిడ ముప్పై సెకన్లూ కదలకుండా వింది. అయిపోయాక చొక్కా మళ్ళీ చేతిలోకి తీసుకుని మడతపెట్టింది. ఆయన ఏదో చెప్పబోయాడన్న సంగతి ఆవిడకు గుర్తే లేదు.